సూత్ర మొక్కటి, ప్రయోగములు పెక్కు



అంతర్జాల పుటలను నడపు పి.హెచ్.పి. అను భాషలో, మనకు కావలసిన ఫంక్షనులను మనమే ఏర్పరచుకొను విధానమును గూర్చి నేడు కొంచెము చెప్పదలచితిని. బడిలో వ్యాకరణము చెప్పి ప్రొద్దుపుచ్చిన ముసలివానికి యంత్రభాషతో పని యేమని మీరడుగవచ్చును. పని కలదు. పొదుపు లెక్కలు, అప్పు లెక్కలు, వడ్డీ లెక్కలు నేడు పెక్కుచోట్ల యంత్రమే కట్టుచున్నది. ఆ లెక్క యే సూత్రమునుబట్టి నడచుచున్నదో విచారింపక పెద్దలు కాగితముపై వ్రాలు చేయుట తగునా?

ఈ భాషకు మూలపురుషుడు రాస్మస్ లెర్డార్ఫ్ అను నాతడు. తన పుటను ఎవరెవరు చూచుచున్నారో తెలిసికొనుటకై 1994లో కొన్ని చిన్న సాధనములను కల్పించుకొని, 1995లో వానిని లోకమునకు వెల్లడించెను. 1996లో వెలువడిన రూపమున, వాడుకొనువారు తమ ఫంక్షనులను తామే నిర్వచించుకొను సదుపాయము చేరెను. పనిముట్ల మూటగా నుండినది భాషగా ఎదుగుట కది యొక ముఖ్యమైన మెట్టు.

ఫంక్షను అనగా నేమి? పేరు పెట్టి ఒకచోట నిలిపిన పని. దానికి నాలుగంగములు కలవు. మొదట ఫంక్షను అను మాట వ్రాసి, దాని ప్రక్కన మన మెంచుకొన్న పేరు వ్రాయవలెను. పిదప కుండలీకరణములలో, ఆ పనికి కావలసిన సామగ్రి పేర్లను వ్రాయవలెను. అటుపిమ్మట మీసపు కుండలీకరణముల నడుమ చేయవలసిన పనిని వివరింపవలెను. తుదకు రిటర్న్ అను మాటతో ఫలితమును మరల నప్పగింపవలెను.

వడ్డీనే తీసికొందము. వడ్డీ యనునది ఫంక్షను పేరు. అసలు, నెలలు, నూటికి నెలకెన్ని రూపాయలను ధర, ఈ మూడును సామగ్రి. అసలును నెలలచేతను, ధరచేతను గుణించి నూటితో భాగించుట లోపలి పని. ఇట్లు నిర్వచించినంత మాత్రమున ఏమియు జరుగదు. అయిదువేలు, ఏడు నెలలు, రెండు రూపాయలు అని సామగ్రినిచ్చి వడ్డీని పేరుపెట్టి పిలిచినచో, ఏడువందలని బదులు వచ్చును. వేయిమంది లెక్కకైనను మరల సూత్రము వ్రాయ పనిలేదు, పిలిచిన చాలును.

ఇది మనకు క్రొత్త కాదు. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణము సంజ్ఞాపరిచ్ఛేదముతోనే మొదలగును. నకారమునకు ద్రుతమను పేరు అక్కడ నొక్కమారు పెట్టబడినది. సంధులు చెప్పునప్పుడు ద్రుతమనిన చాలును. మరల వివరింప నక్కరలేదు. ముందుగా పేరు పెట్టి, పిదప ఆ పేరుతో పని గడపుట శాస్త్రకారులకు పరిచితమైన త్రోవయే.

అయితే ఇందలి లాభము క్లుప్తత మాత్రమే కాదు. నేనెరిగిన యొక పల్లెలో పొదుపు సంఘమువారి లెక్కలకై కుఱ్ఱవాండ్రు మూడు పుటలు తయారు చేసిరి. అప్పు తీసికొన్నవారు చూచుకొనునది యొకటి, కార్యదర్శి చిట్టా యొకటి, రసీదు ఇంకొకటి. మూడింటను వడ్డీ లెక్కను వేర్వేరుగా వ్రాసిరి. కొన్నాళ్లకు సంఘము రెండు రూపాయల వడ్డీని రూపాయికి తగ్గించినది. రెండు పుటలలో దిద్దిరి. రసీదు పుట మరుగున పడినది. పదివేలు ఆరునెలలకు తీసికొన్న యొక యిల్లాలికి ఫోనులో ఆరువందలనియు, రసీదులో పండ్రెండువందలనియు కనబడెను. ఆమె చదువుకొన్నది గనుక నిలదీసి అడిగెను. నిరపరాధియైన కార్యదర్శి దొంగ యనిపించుకొనెను. తరువాత మూడు లెక్కలను తీసివైచి, ఒక్క ఫంక్షనును నిర్మించి, మూడు పుటలును దానినే పిలుచునట్లు చేసిరి. ఇక మార్పు ఒకచోట చేసిన చాలును.

ఈ భాషలో మరికొన్ని కట్టుబాట్లు గలవు. ఒకే పేరుతో రెండు ఫంక్షనులను నిర్వచింప వీలులేదు. యంత్రము దోషమని పలికి పని నిలుపును. లోపల పెట్టుకొన్న పేర్లు బయటికి తెలియవు. బయటి పేర్లు, చేతికందీయనిదే గాని ప్రత్యేకముగా రప్పింపనిదే గాని, లోనికి రావు. ఒకరి యింటి పద్దు మరియొకరి పద్దుతో కలియకుండుట కిది రక్ష. ధరను చెప్పకున్నచో ఇంతయని ముందే నిర్ణయించి యుంచవచ్చును. చెప్పినచో చెప్పినదే చెల్లును. ఫంక్షనుకు తెలుగు లిపిలోనే పేరు పెట్టుకొనుటకును అభ్యంతరము లేదు.

ఇక ఒక హెచ్చరిక. ఈ ఆజ్ఞలు మన చేతి ఫోనులో నడువవు; దూరముననున్న సర్వరు అను యంత్రములో నడచును. మనకు చేరునది ఫలితమే గాని సూత్రము కాదు. సూత్రము ఒకచోట నుండుటవలన దిద్దుట ఎంత సులువో, అది తప్పినచో తప్పు అందరకును సమముగా పంచబడుట అంతే నిశ్చయము. యంత్రమునకు ధర్మాధర్మములు తెలియవు, చెప్పినది చేయును.

కావున పెద్దలకు నా మనవి. మీ యూరి లెక్కలను యంత్రమున కప్పగించునప్పుడు, వ్రాసిన కుఱ్ఱవానిని పిలిచి, వడ్డీ సూత్రము ఎన్నిచోట్ల నున్నదని యడుగుడు. ఒకచోటనే యున్నదనినచో దానిని తెలుగులో చదివి వినిపింపుమనుడు. పిదప మీరు చేతితో కట్టిన రెండు మూడు లెక్కలను దానికిచ్చి సరిచూడుడు. ఆ పరీక్షకు యంత్రభాష రానక్కరలేదు. నోటిలెక్క వచ్చిన చాలును. అప్పుడే వ్రాలు చేయుడు.

సెలవు.