సేవాసంఘ కార్యదర్శి పుస్తకము

(శతాబ్ది ఉత్సవముల యౌవనస్థుల సదస్సునందు చేసిన ప్రసంగ పాఠము)



నిన్న మాట్లాడిన పెద్దలకు డయోసిస్ చరిత్ర, తొలి సువార్తికుల ప్రయాసము వంటి గొప్ప అంశములు దొరికినవి. మాకు మాత్రము హాజరు రిజిష్టరు దొరికినది. విద్యార్థి దశలో సేవాసంఘ కార్యదర్శిగా ఉన్నారు గదా, దానిని గూర్చి చెప్పుడని కమిటీవారు కోరిరి. చెప్పుటకు మాకు సంతోషమే. కళాశాలలో చదువుచు ఇట్టి బాధ్యత వహించుచున్న పిల్లలు మన సంఘములలో చాలామంది ఉన్నారు.

మేము 2001లో డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచుండగా ఆ పనికి నియమింపబడితిమి. ఎన్నిక జరిగినదని చెప్పుట అతిశయోక్తి యగును. అధ్యాపకులు తరగతిలోనికి వచ్చి, "మీలో దస్తూరి ఎవరిది బాగుంటుంది?" అని అడిగిరి. మిత్రులందరు ఒక్కసారి మా వైపు చూపించిరి. అంతే.

మాది జాతీయ సేవా పథకము క్రింద పనిచేయు సంఘము. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, ఆనాటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి.రావు గారు ఈ పథకమును ప్రారంభించిరి. మొదట చేరినవి 37 విశ్వవిద్యాలయములు, 40,000 మంది విద్యార్థులు. చేరినవాడు ఏటికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. ఒక పల్లెలో జరుగు ప్రత్యేక శిబిరములో కూడ పాల్గొనవలెను. "నేను కాదు, మీరు" అన్నది దాని నినాదము. నినాదము గోడమీద వ్రాయుట సులువు. గంటలను పుస్తకములో వ్రాయుటయందే కష్టమున్నది. ఆ సంగతికి తరువాత వత్తును.

కార్యదర్శి యనగా సభలో నివేదిక చదువువాడని అనేకుల తలంపు. మన బిషప్ అజరయ్య గారి జీవితము చూడుడి. ఆయన 1895 నుండి యువజన క్రైస్తవ సంఘమునకు కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగెను. 1905లో శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడగా దానికిని కార్యదర్శి ఆయెను. దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకొనినది 1909లో. బిషప్పుగా అభిషేకము పొందినది 1912లో. అనగా బిషప్పు కాకమునుపు ఆయన ఇంచుమించు పదునాలుగేండ్లు ఉత్తరములు వ్రాయుచు, లెక్కలు చూచుచు, ఎవరు ఎక్కడ అవసరమో కనిపెట్టుచు గడిపెను. ఆ పని చిన్నదని మేము ఒప్పుకొనము.

మాకు అప్పగింపబడిన ఆస్తి ఇది: మినిట్స్ పుస్తకము, హాజరు రిజిష్టరు, వోచర్ల ఫైలు, ఒక గది తాళపుచెవి. ఆ గదిలో గడ్డపారలు, పారలు, తట్టలు, రెండు పెద్ద వంటపాత్రలు. మునుపటి కార్యదర్శి మాకు చెప్పిన పాఠము ఒక్కటే. "మన పారలు పోతే పోనీ, ఊళ్ళో అడిగి తెచ్చిన పార మాత్రం ఆ సాయంత్రమే ఇంటికి చేర్చాలి" అనెను. అప్పుడు మాకు అది చాదస్తముగా తోచెను. శిబిరములోనికి వెళ్లిన పిదప తెలిసినది. మనము సరదాగా మట్టి తీసిన ఆ పార వేరొకనికి మరునాటి కూలి. అది రాత్రి బడి వరండాలో పడియున్నయెడల ఆ ఇంట మరునాడు పొయ్యి వెలుగుట కష్టము. గనుక మేము పుస్తకములో ఒక పుట కేటాయించి ఎవరి పార, ఏ ఇల్లు, తిరిగి ఇచ్చిన వేళ ఏది యని వ్రాసికొనుచుంటిమి. వేదశాస్త్ర కళాశాలలో గ్రీకు నేర్చుకొంటిమి, సంఘచరిత్ర నేర్చుకొంటిమి. పాస్టరేటు లెక్కలు వ్రాయుట నేర్పినది మాత్రము ఆ వోచర్ల ఫైలే.

శిబిరమనగానే మొక్కలు నాటుట ఒక ఆచారమైపోయినది. మాకు శిబిరము సంక్రాంతి దాటిన తరువాత వచ్చెను. వానలు వెళ్లిపోయి ఎండలు రాబోవు వేళ నాటిన మొక్క ఏప్రిల్ చూచుట అరుదు. ప్రణాళిక వేయు కూటములో "వీటికి నీళ్లెవరు పోస్తారు?" అని అడిగితిమి. ఎవరును మాటలాడలేదు. అప్పుడు ఊరిలోని స్త్రీలను అడుగగా, చేతిపంపు చుట్టు నిలుచు మురుగు పోవు దారి చేసిపెట్టుమనిరి. ఇంకుడుగుంట త్రవ్వి, రాళ్లు పేర్చి, చిన్న కాలువ తీసితిమి. ఫోటోకు అది ఏమంత శోభాయమానము కాదు. మొక్కలను జూన్ వానలకు వాయిదా వేసి, పదిమంది పేర్లు వ్రాసికొని అప్పుడు వెళ్లితిమి.

ఇక గంటల సంగతి. ఆ దినములలో కొన్ని కోర్సుల ప్రవేశములకు సేవా ధ్రువపత్రము కొంత ఉపకరించెడిది. మా హాస్టలు గదిలోనే ఉండిన మిత్రునికి 208 గంటలు మాత్రమే ఉండెను. 32 గంటలు తక్కువ. "నువ్వే కదా రాసేది" అని అతడు అడిగెను. అతడు చెడ్డవాడు కాడు. ఇంటిలో ఇబ్బందులున్నవి, పైచదువు అతనికి నిజముగా అవసరము. మాకంటె పెద్దవారొకరు కూడ "రాసెయ్యండి, ఎవరు చూస్తారు?" అనిరి.

అబద్ధమాడరాదని మనకు తెలియును. అయితే ఆనాడు మమ్మును ఆపినది ఆ ఆజ్ఞ ఒక్కటే కాదు. ఆ గంటలు ఎక్కడివి? కళాశాల వెనుక పేటలోని పిల్లలకు ఆదివారము మధ్యాహ్నములు చదువు చెప్పు గంటలు. నాలుగేసి గంటల చొప్పున ఎనిమిది ఆదివారములు. అతడు వెళ్లినట్లు మేము వ్రాసినయెడల, ఆ ఎనిమిది ఆదివారములు పేటలో పిల్లలు పలకలు పట్టుకొని కూర్చుండగా, పుస్తకము మాత్రము "ఉపాధ్యాయుడు వచ్చెను" అని చెప్పుచుండును. లోటు కనబడినయెడల వేరొకనిని పంపవచ్చును. పూడ్చి వ్రాసినయెడల ఎవరిని పంపవలెనో కూడ తెలియదు. కార్యదర్శి పుస్తకములో ఖాళీ గడి అనునది అవమానము కాదు. ఎక్కడికి మనిషి కావలెనో అది చెప్పును.

పరీక్షలకు ముందు ఇంకను ఎనిమిది ఆదివారములున్నవి, రమ్మని అతనితో చెప్పితిమి. అయిదు వారములు వచ్చెను. పన్నెండు గంటలు మిగిలిపోయెను. ధ్రువపత్రము రాలేదు. చాలకాలము మాతో మాటలాడలేదు. ఇప్పుడు మాటలాడును గాని ముక్తసరిగానే.

రక్తదానమును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. డబ్బు తీసికొని రక్తమిచ్చు పద్ధతి సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పువలన 1998 జనవరి 1 నుండి ఆగిపోయినది. ఆ పిమ్మట ఆసుపత్రులకు స్వచ్ఛందముగా ఇచ్చువారే ఆధారమైరి, వారిలో విద్యార్థులు ముఖ్యులు. ఎవరో పెద్దమనిషి పుట్టినదినమున నూరుమందిచేత ఒక్క పూటలో ఇప్పించి పేపరులో వేయించుట వాడుక. రక్తమేమి బియ్యము కాదు గదా, బస్తాలో నిలువయుండుటకు! ఎర్రకణములు సాధారణముగా 35 నుండి 42 దినములు, ప్లేట్‌లెట్లు 5 దినములు మాత్రమే నిలుచును. ఒకమారు ఇచ్చిన పురుషుడు మూడు నెలలు, స్త్రీ నాలుగు నెలలు ఆగవలెను. నూరుమంది ఒకే దినమున ఇచ్చినయెడల రెండవ నెలలో వచ్చు రోగికి ఎవరు మిగులుదురు?

గనుక మేము పెద్ద శిబిరమును తగ్గించి పట్టిక వ్రాసితిమి: పేరు, రక్తవర్గము, చివరిగా ఇచ్చిన తేదీ, హాస్టలు గది నంబరు. అన్నిటికంటె కష్టము వేసవిలో వచ్చెను. కళాశాలకు సెలవులియ్యగానే దాతలు ఊళ్లకు పోవుదురు. తలసీమియా గల పిల్లలకు మాత్రము రెండు మొదలు నాలుగు వారముల కొకమారు రక్తము ఎక్కింపవలసినదే. వారి జబ్బుకు సెలవులు లేవు. పట్టణములోనే ఇల్లున్న విద్యార్థుల పేర్లు వేరుగా వ్రాసి, వారిని మార్చిలో పిలువక మే నెలకు దాచితిమి. ఫోనున్న ఇండ్లు తక్కువ, కొందరికి సైకిలుమీద వెళ్లి కబురు చెప్పితిమి.

మరియొక మాట, ముఖ్యముగా తల్లులకు. శిబిరమునకు ఉత్సాహముగా వచ్చిన ఆడపిల్లలలో చాలామందిని వెనుకకు పంపివేసిరి. దాతకు హీమోగ్లోబిన్ 12.5 ఉండవలెను. వారికి అంత లేదు. పనికిరానివారమని వారు సిగ్గుపడి వెళ్లిపోవుచుండిరి. మా తోటి వాలంటీరు ఒకామె ఆ పేర్లను కొట్టివేయనీయలేదు. "వీళ్లదే కదా అసలు పట్టిక" అని, వారిని వెంటబెట్టుకొని ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోయి ఇనుపధాతువు మాత్రలు ఇప్పించెను. రక్తమిచ్చుటకు వచ్చిన పిల్ల తనకే రక్తము చాలదని తెలిసికొని వెళ్లుట చిన్న మేలు కాదు. మన ఇండ్లలో అందరు తినిన తరువాత మిగిలినది తిను ఆడపిల్లలు ఎందరో మీకే తెలియును.

పదవి అప్పగించుటను గూర్చి పిల్లలకు ఒక సూచన. పరీక్షలైన తరువాత అప్పగింతుమనుకొనకుడి. అప్పటికి అందరు మూటలు కట్టుకొనియుందురు. ఫిబ్రవరిలోనే రాబోవువానిని వెంట త్రిప్పుకొని, పట్టికలోని మనుష్యులను ముఖాముఖి చూపించుడి. పేరు తెలిసినంత మాత్రమున రాత్రివేళ తలుపు తట్టలేరు.

ఇదివరలో మన సంఘములో వ్రాసిన దాతల పట్టిక పాతబడినది. కొందరు పెండ్లియై వెళ్లిరి, కొందరు హైదరాబాదు చేరిరి. క్రొత్త పుస్తకము వెనుక బల్లమీద ఉన్నది. పదునెనిమిదేండ్లు నిండి, 45 కిలోలకు తక్కువకాని బరువుగలవారు పేరు, రక్తవర్గము, చివరిగా ఇచ్చిన తేదీ వ్రాయుడి. రక్తవర్గము తెలియనివారు ఆ గడిని ఖాళీగా విడువుడి, ఊహించి వ్రాయవద్దు. భోజనముల గంట కొట్టుటకు ఇంకను పావుగంట ఉన్నదని కమిటీవారు సైగ చేయుచున్నారు.