ఆకు గుణం, సాగు తీరు

ఆకు తన రక్షణ కోసం తయారుచేసుకునే పదార్థాలే చాలావరకు మనిషికి మందవుతాయి. నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్, కరివేపాకులోని కార్బజోల్ ఆల్కలాయిడ్లు, మునగాకులోని క్వెర్సెటిన్ ఈ కోవలోవే. కొన్ని పురుగు నోటికి చేదు, కొన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అడ్డు. మొక్కను మరీ సుఖపెడితే వీటిలో కొన్ని తగ్గిపోవడం అందుకే.

ఎర్రుపాలెం, మధిర చుట్టుపక్కల మిరపకూ పత్తికీ ఎరువు దట్టించే చెయ్యే గోంగూరకో మునగకో యూరియా చల్లితే ఆకు దండిగా వస్తుంది, నిగనిగలాడుతుంది. లోపల జరిగేది వేరు. ప్రోటీన్లకూ, క్వెర్సెటిన్ వంటి ఫ్లేవనాయిడ్లకూ కావలసిన ముడిసరుకుల్లో ఒకటి ఉమ్మడిది: ఫినైల్అలనిన్ అనే అమైనో ఆమ్లం. పెరుగుదల ఊపందుకుంటే అది ప్రోటీన్ల వైపు మళ్లుతుంది. ఫ్లేవనాయిడ్లు తగ్గుతాయి, తరచూ విటమిన్ సి కూడా. నైట్రేటు పోగుపడుతుంది.

అలాగని నేరమంతా యూరియాలోని నత్రజని మీదకు నెట్టడం తొందరపాటు. బీటా కెరోటిన్ సాధారణంగా దానితో పెరుగుతుంది. నత్రజని కలిసిన రక్షణ పదార్థాలూ పెరగవచ్చు, అయితే వాటిలో చంపేవీ ఉంటాయి. లేత జొన్న మేసిన గేదెకు నాము తగలడం పశువులున్న ఇళ్లకు కొత్త కాదు. ఆ విషానికి మూలం ధురిన్. యూరియా ఎక్కువై, పైగా వాన మొహం చాటేసిన చేలో అది మరీ పేరుకుంటుంది.

సేంద్రియ పంటల్లో ఫ్లేవనాయిడ్ల వంటి ఫినాలిక్ పదార్థాలు ఎక్కువని 343 పరిశోధన పత్రాలను కలిపి చూసిన 2014 నాటి సమీక్ష తేల్చింది. పేడ ఎరువు మహిమ అనడం కన్నా, అందులోని నత్రజని నిదానంగా అందడమే కారణమనడం సబబు.

నీడ సంగతీ అంతే. మామిడి చెట్ల కింద పెరిగిన ఆకు వెడల్పై, పలచనై, ఫ్లేవనాయిడ్లు తక్కువగా తయారవుతుంది. జపాన్‌లో మేలురకం తేయాకు తోటలకు కోతకు ముందు కొన్ని వారాలు కావాలనే నీడ కడతారు: వగరునిచ్చే కాటెకిన్లు తగ్గి, రుచినిచ్చే థియానిన్ నిలుస్తుంది. కాబట్టి వ్యవసాయ పట్టభద్రులు ఎరువు మోతాదు చెప్పేముందు రైతును అడగవలసింది ఒకటుంది: ఆకు కూరకా, మందుకా, మేతకా?

కోత వేళ కూడా ఫలితాన్ని మారుస్తుంది. నేలవేమును పూత దశలో కోస్తే ఆండ్రోగ్రాఫోలైడ్ నిండుగా ఉంటుంది. కాయ ముదిరితే తగ్గుతుంది. కోశాక మునగాకును నీడన ఆరబెట్టాలి. ఎండలో త్వరగా ఆరినా కెరోటిన్, విటమిన్ సి బాగా నష్టపోతాయి, తూకం మాత్రం తగ్గదు. తూకం మీదే ధర కట్టే సంతలో ఈ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.