గుండెల్లో మంటా? అజీర్తా?



పొట్ట దగ్గర ఏ బాధ వచ్చినా మన ఇళ్ళలో వినిపించే మాట ఒక్కటే - "గ్యాసు". ఛాతీ మండినా గ్యాసే, కడుపు ఉబ్బినా గ్యాసే, వీపులో పోటు వచ్చినా గ్యాసే. అన్నిటికీ ఒకే పేరు పెట్టుకున్నాం కనుక, అన్నిటికీ ఒకే సోడా, ఒకే మాత్ర. ఈ వేళ వీటిని కాస్త విడదీసి చూద్దాం.

నెల్లూరునుంచి సముద్రంవైపు వెళితే తోటపల్లి గూడూరు వస్తుంది. వరి పొలాలు, రొయ్యల గుంటలు ఉన్న చోటు. గుంటలకాడికి పోయిన మగవాళ్ళు ఇల్లు చేరేది బాగా పొద్దుపోయాకనే. చింతపండు పులుపు, మామిడికాయ ముక్కలు, పైన తేలే నూనెతో చేపల పులుసు సిద్ధంగా ఉంటుంది. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, ఇల్లాలు తినేసరికి పది దాటుతుంది. చేయి కడుక్కోగానే నడుం వాలుస్తుంది. పట్నంలో మన సంగతీ ఇంతే కదా! అర్ధరాత్రి రొమ్ము ఎముక వెనకనుంచి గొంతుదాకా మంట ఎగదన్నుతుంది, నోట్లోకి పుల్లనీళ్ళు వస్తాయి. "ఏందత్తా, అట్టా లేచి కూచున్నావు?" అని కోడలు అడిగితే, "అన్నం అరగలేదులేమ్మా" అంటుంది.

అది అరగకపోవడం కాదమ్మా, గుండెల్లో మంట. పేరులో గుండె ఉన్నా, గుండెతో దానికి సంబంధం లేదు. అన్ననాళం కడుపులో కలిసేచోట తలుపులాంటి కండరం ఒకటుంది. అది వదులైతే కడుపులోని ఆమ్లం పైకి తంతుంది. ఆ ఆమ్లాన్ని తట్టుకునేందుకు కడుపుకు జిగురు పొర ఉంది. అన్ననాళానికి అంత కాపుదల లేదు, అందుకే మంట. నిండు కడుపుతో పడుకుంటే ఇది మరీ ఎక్కువ. గర్భిణులకూ ఇది మామూలే.

తిన్న తర్వాత రెండు మూడు గంటలైనా ఆగి పడుకోవాలి. మంచం తలవైపు కోళ్ళ కింద ఆరంగుళాల ఎత్తు పెట్టండి. దిండుమీద దిండు వేస్తే పొట్ట మడతపడి ఇంకా నొక్కుకుంటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మేలు. అన్నిటికన్నా ముందు, ఇల్లాలు అందరితోపాటే కూర్చుని తినాలి. చివర తినాలనే ఆచారం ఎవరు పెట్టారో గాని, అన్ననాళం దాన్ని ఒప్పుకోదు సుమా!

ఇక అజీర్తి. దీని చోటు వేరు - రొమ్ము ఎముకకు కింద, బొడ్డుకు పైన. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది, తిన్నాక బరువు, నొప్పి, వికారం. ఆందోళనవల్ల రావచ్చు. మోకాళ్ళ నొప్పులకని రోజూ మింగే మాత్రలవల్లా రావచ్చు. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి మరో కారణం. ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ 1984లో ఆ క్రిమిని తానే తాగి, కడుపు పూత తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. పరీక్షలో క్రిమి ఉందని తేలితే, రెండు వారాల మందులతో చాలామందికి పోతుంది. జెలుసిల్, డైజీన్ వంటివి కాసేపు ఉపశమనం ఇస్తాయి, అంతే. మంట, అజీర్తి రెండూ ఒకరికే ఉండనూ వచ్చు. మింగడం కష్టమైనా, ఊరికే బరువు తగ్గుతున్నా, మలం తారులా నల్లగా వస్తున్నా సొంత వైద్యం మానేసి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

అసలు భయపడవలసింది ఈ రెండూ కానిదాన్ని చూసి. ఛాతీమీద బండ పెట్టినట్టు బిగపట్టి, చెమటలు పోసి, నొప్పి దవడకో చేతికో వీపుకో పాకితే, మెట్లెక్కితే పెరిగి కూర్చుంటే తగ్గుతుంటే, అది గుండె జబ్బు కావచ్చు. ఆడవాళ్ళలో, షుగరు ఉన్నవాళ్ళలో ఒక్కోసారి ఛాతీ నొప్పే ఉండదు. ఆయాసం, వికారం, ఉన్నట్టుండి నీరసం, అంతే. "సోడా తాగి చూద్దాం, తెల్లారనీ" అనకండి. ఇంట్లోవాళ్ళను లేపడానికి మొహమాటపడకండి. 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో చూసి గ్యాసేనని చెబితే, ఆ రాత్రి నిద్ర ఒక్కటే పోయినట్టు.