పెళ్లి పందిరికి మన చేతి పని

ఇంట్లో పెళ్లి పెట్టుకున్నారా? అలంకరణంతా బయటివాళ్లకే అప్పగించనక్కర్లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: వాడిపోనివి ముందు, వాడిపోయేవి చివర.

వాడిపోనివి అంటే? అడ్డుతెర, పూసలు అతికించే కొబ్బరి బోండాం, తాంబూలం సంచులు. బీరువాలో పాత పట్టుచీర ఉంటుంది కదా. చీర చిరిగినా అంచు గట్టిగానే ఉంటుంది. ఆ అంచును నూలు సంచి మూతికి కుట్టండి. సంచి మాత్రం కొబ్బరికాయ పట్టేంత ఉండాలి. చాలామంది ముచ్చటపడి చిన్నగా కుట్టేస్తారు. ఆనక కాయ చేతిలో, సంచి చంకలో! లోపల ఏటికొప్పాక కుంకుమ భరిణె ఒకటి వేయండి. అంకుడు కర్రకు లక్కరంగు పట్టించి చేస్తారు వాటిని. ఇక ప్లాస్టిక్ డబ్బాలెందుకు?

మళ్లీ చెబుతున్నా, వాడిపోయేవి చివర. మామిడాకులు ముందురోజు సాయంత్రం కోయించండి. తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచండి. ఆకు మొదలును పురికొస మీదుగా మడిచి, కొబ్బరి ఈనె ముక్క గుచ్చితే తోరణం నిలుస్తుంది. కొబ్బరాకు చిలకలు అల్లడం తాతయ్యలకు వదిలేయండి, పక్కన పిల్లల్ని కూర్చోబెట్టండి. బంతిపూలు తెల్లవారుజామున గుచ్చుకుంటే చాలు.