పాచిని చంపితే పోదు, మేత తగ్గిస్తే పోతుంది



స్వర్ణోత్సవ కానుకగా మన బడికి ఉప్పునీటి చేపల తొట్టి ఇద్దామని కొందరు మిత్రులు అంటున్నారు. మంచి ఆలోచనే. అయితే తొట్టి పెట్టిన కొద్ది వారాలకే పాచి మొదలవుతుంది. దాని గురించి ముందే నాలుగు మాటలు చెబుతాను.

కొత్త తొట్టిలో మొదట గోధుమరంగు పొర కడుతుంది. అవి డయాటమ్‌లు. నీటిలోని సిలికా తగ్గాక చాలావరకు వాటంతటవే పోతాయి. తరువాత వెంట్రుకల్లాంటి పచ్చ నాచు వస్తుంది. ఇసుక మీద ఎర్రగా, జిగటగా పరుచుకునేది మాత్రం పాచిలా కనిపించినా పాచి కాదు. అది సయనోబాక్టీరియా.

వీటన్నిటికీ తిండి ఎక్కడిది? మనం వేసిందే! మిగిలిన మేత, చేపల విసర్జన కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. రాళ్ళకూ ఇసుకకూ అంటుకుని బతికే మంచి బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త 1890లో తేల్చిన సంగతి ఇది. చివరికి మిగిలే నైట్రేటు, ఫాస్ఫేటు పాచికి ఎరువు. చేలో యూరియా చల్లితే కలుపు కూడా ఏపుగా పెరుగుతుంది కదా, ఇదీ అంతే.

ఎర్రపొర పోవాలని యాంటీబయాటిక్ పోస్తే మంచి బాక్టీరియా కూడా దెబ్బతినవచ్చు. ఒక్కసారిగా చచ్చిన పాచి కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది. తొట్టి శుభ్రపడిందనుకునేలోగా చేపలు తేలిపోతాయి.

చేయవలసిన పనులు తేలికైనవే. రెండు నిమిషాల్లో చేపలు తినేంత మేతే వేయాలి. దీపం రోజుకు ఎనిమిది గంటలు చాలు. కిటికీ ఎండ పడకూడదు. వారానికి పదోవంతు నీరు మార్చాలి. కొత్త నీటికి ఆర్‌ఓ నీళ్ళలో సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు సుమారు 35 గ్రాములు కలపాలి. వంట ఉప్పు పనికిరాదు. ఆవిరైన మేరకు మాత్రం మంచినీళ్ళే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. పూడిమడక దగ్గరే కదా, సముద్రపు నీళ్ళు తెచ్చుకుందాం అంటారేమో. వానాకాలంలో వద్దు. శారద, వరాహ నదులు పొలాల మట్టినీ ఎరువునూ మోసుకొచ్చి సముద్రంలో కలిపే రోజులవి.

ఇక అసలు సమస్య సెలవులు. దసరాకీ సంక్రాంతికీ వేసవికీ బడి మూసేస్తారు. కరెంటు పోయి పంపు ఆగితే చూసే దిక్కుండదు. కాబట్టి ఊళ్ళో ఉన్న పూర్వ విద్యార్థులు వంతులు వేసుకుని, ఎవరి వారం ఏదో రాసిపెట్టాకే తొట్టి కొందాం. అది కుదరకపోతే ఆ డబ్బుతో సైన్సు గదికి మంచి మైక్రోస్కోపు ఇద్దాం. కల్యాణపులోవ నీటి చుక్క దానికింద పెట్టినా డయాటమ్‌లు పిల్లలకు కనిపిస్తాయి.

సెలవు.