వ్రేలిముద్ర సమ్మతి కాదు

(పఠనమందిర సభయందు గావించిన ప్రసంగము)



1860వ సంవత్సరము మొదలు మద్రాసు రేవున ఓడలెక్కి నేటాలు చెఱకుతోటలకు పోయిన కూలీలలో మన తెలుగువారు పెక్కుమంది గలరు. వారి ఒడంబడికలపై వ్రేలిముద్రలు గలవు. ఇష్టపడియే వచ్చిరి గదా యని దొరలు వాదించిరి. మనుష్యవిక్రయ మన నేమి యను ప్రశ్నకు ముడి నేటికిని అచ్చటనే యున్నది: మోసపోయి యిచ్చిన సమ్మతి సమ్మతి యగునా?

కాదని 2000వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి పలెర్మో ఒప్పందము తేల్చినది. బలవంతముచేతగాని, మోసముచేతగాని, నిస్సహాయతను ఆసరా చేసికొనిగాని పొందిన సమ్మతి చెల్లదు. పదునెనిమిదేండ్లు నిండని వారి విషయమున ఆ మోసమును నిరూపింప నక్కఱయే లేదు. మనదేశము 2011లో దీనిని ధ్రువపఱచినది.

సూత్ర మొక్కటియైనను ఆచరణము పలువిధములు. స్వీడను 1999 నుండి శరీరమును కొనువానిని శిక్షించుచున్నది. అమ్ముడువోయిన స్త్రీని గాదు. ఇటలీ 1998 నాటి చట్టము, ఫిర్యాదు చేయకున్నను బాధితులకు నివాసానుమతి నొసగ వీలు కల్పించినది. అమెరికా 2000 నాటి శాసనము అనుమతి నిచ్చుచునే, సాధారణముగా పోలీసులకు తోడ్పడవలెనని షరతు విధించినది. బ్రిటను 2015 నాటి శాసనము, బానిసత్వమున నిర్బంధింపబడి నేరము చేసినవారికి, ఘోరనేరములు మినహా, రక్షణ కల్పించినది.

మన రాజ్యాంగపు 23వ అధికరణము మనుష్యవిక్రయమును, వెట్టిని నిషేధించినది. 1982లో ఏషియాడు కూలీల వ్యాజ్యమున సుప్రీంకోర్టు, కనీసవేతనమునకు తక్కువగా నిచ్చి పనిచేయించుకొనుటయు నిర్బంధపు చాకిరియే యని తీర్పు చెప్పినది. ఆకలియు బలవంతమే యని దాని భావము. ఇంతకన్న నిక్కమైన మాట గలదా?

అయినను డేటా ఎంట్రీ కొలువులని నమ్మి కాంబోడియా పోయిన విశాఖ ప్రాంతపు యువకులు నిర్బంధమున సైబరు మోసములు చేయవలసి వచ్చిన వృత్తాంతము 2024లో వెల్లడియైనది. వీరు దోషులా, బాధితులా? బ్రిటను చేసిన రీతిని మన శాసనమునందును స్పష్టమైన నిబంధన చేరవలెనని మేము కోరుచున్నాము.

ప్రభుత్వముతోపాటు చదువుకొన్న మనకును ఒక విధి గలదు. పరదేశపు కొలువు పత్రముతో ఎవరైన వచ్చినచో దానిని తెలుగున చదివి వినిపింతము. ఏజెంటు 1983 నాటి ప్రవాస శాసనము క్రింద నమోదైనవాడో కాడో విచారింతము. పాస్‌పోర్టును పరులచేత బెట్టవలదని హెచ్చరింతము. వ్రేలిముద్ర పడిన పిదప కన్నీరు తుడుచుటకన్న, పడకమున్నే కన్ను తెఱపించుట మేలు గదా!