పడవ యంత్రమునకు త్రాటిమీట

దేవనకొండవానికి పడవలతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. వేసవిలో మన హంద్రి యిసుకయే కదా! నా పూర్వశిష్యు డొకడు శ్రీశైల జలాశయమున చేపలు పట్టి జీవించుచున్నాడు. వాని పడవ వెనుక తగిలించిన పెట్రోలు యంత్రము పాతది. దాని నాపు మీట, నడుపువాడు పడవలో నున్నంతవరకే పనికివచ్చును.

ఒకనాడు వాడు తూలి నీట బడెను. పిడి విడువగనే యంత్రము ప్రక్కకు తిరిగెను; పడవ గుండ్రముగా పరుగిడి వానిమీదికే వచ్చెను. మునిగి బ్రదికెను గాని, ఱెక్క కోసిన మచ్చ భుజమున నేటికిని గలదు.

ఉపాయము స్వల్పము. అట్టి యంత్రములలో నిప్పురవ్వకు మూలము మాగ్నెటో. దాని విద్యుత్తును యంత్రపు లోహదేహమునకు మరలించినచో రవ్వ యుండదు, యంత్ర మాగును. కావున మాగ్నెటో ఆపుతీగను క్రొత్తమీటకును, మీటను లోహదేహమునకును కలుపవలయును. మీటలో నొక బిళ్ళ యిమిడియుండును; దాని త్రాడు నడుపువాని మణికట్టున నుండును. మనిషి పడిన బిళ్ళ యూడును, తీగలు కలియును. బ్యాటరీ తీగను మాత్ర మిందు చేర్పరాదు. మన బావులకడ డీజిలు యంత్రములకు రవ్వయే లేదు గనుక ఈ పద్ధతి చెల్లదు. వానికి నూనె నాపవలయును.

అమెరికాలో నిట్టి మీట గల చిన్న విహారనావలను నడుపువారు దానిని తగిలించుకొనవలయునని 2021 ఏప్రిలు 1 నుండి నియమము. నా శిష్యుడు మొదట బిళ్ళను మీటలో నుంచి, త్రాటిని చేతికి కట్టుకొనక తిరిగెను. ఇప్పుడు రేవున వాని భార్యయే కట్టి పంపుచున్నది.